ఆరాధనయు అధ్యయనమును

సూరత్ నగరమున పర్వత్ పాటియా పరిసరములయందు, తెలంగాణమునుండి మగ్గపుపనికై వలసపోయిన పద్మశాలి కుటుంబములు నివసించుచున్నవి. వారు మాతృభాషను విడువలేదు. ఆంజనేయుని కొలుచుటయు విడువలేదు. అట్టి యింటి బిడ్డ యొకతె విశ్వవిద్యాలయమున వానరసంరక్షణ శాస్త్రమును చదువబోవుదునని చెప్పినదనుకొనుడు. “కోతులను చదువుటకు కాలేజీ యెందుకు బిడ్డా?” అని తాత యడుగును. ఆ ప్రశ్న నవ్వి త్రోసివేయదగినది కాదు. శనివారము గుడిలో అరటిపండు నివేదించు ఆ యింటివారే, స్వగ్రామమున మిగిలిన అన్నదమ్ముల మొక్కజొన్నచేలు కోతులపాలైనవని విని నిట్టూర్చుదురు. దేవుని చుట్టమని మ్రొక్కబడునదియు, పంటకు శత్రువని తరుమబడునదియు నొక్క ప్రాణియే. తాత దానికి మ్రొక్కును, తమ్ముడు వడిసెలతో కొట్టును. ఇరువురిలో దానిని ఎరిగినవాడెవడు?

బ్రిటనునందలి ఆక్స్‌ఫర్డ్ బ్రూక్స్ విశ్వవిద్యాలయము 2000 సంవత్సరమున ఈ విద్యకే ప్రత్యేకమైన ఎం.ఎస్సీ. తరగతిని నెలకొల్పినది. అయిన నిట్టి పరిశీలన మనదేశమున అంతకు చాల ముందే మొదలైనది. 1959–60 సంవత్సరములలో అమెరికా శాస్త్రజ్ఞుడు చార్లెస్ సౌత్‌విక్, అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయమునకు చెందిన మీర్జా అజహర్ బేగ్, సిద్దీఖీలతో గూడి ఉత్తర భారతమునందలి గ్రామములను, పట్టణములను, దేవాలయములను తిరిగి రీసస్ కోతులను లెక్కించెను. ఆ గుంపులలో పిల్లదశ దాటి ఇంకను ఎదుగని కోతులు ఉండదగినంతగా లేవు. అవి విదేశములకు పోవుచుండినవి. ఆనాడు పోలియో టీకా కోతుల మూత్రపిండకణములయందు తయారగుచుండెను. ఎందరో పసిబిడ్డల కాళ్ళు ఆ టీకావలన నిలిచినవి, ఇది మరువరాదు. హనుమంతునికి మ్రొక్కు దేశమే ఏటేట వేలకొలది కోతులను బోనులలో నెక్కించి పంపినది; ఇదియు మరువరాదు. అమెరికా సైనిక ప్రయోగశాలలలో వానిపై అణుధార్మిక కిరణములను ప్రయోగించుచున్నారను వార్త వెలువడిన పిదప, 1978 లో భారత ప్రభుత్వము ఎగుమతిని పూర్తిగా నిషేధించినది. ఇన్నియేండ్లు ఆ వర్తకమును మన భక్తి ఆపలేదు. భక్తికి కోతి కనబడెను గాని, కోతుల సంఖ్య కనబడలేదు.

ఎరుగుటవలన పూజ్యభావము చెడునను భయము కలదు. దానికి ఆధారము లేకపోలేదు. 1962 లో జపాను శాస్త్రజ్ఞుడు యుకిమారు సుగియామా ధార్వాడ అడవులలో కొండముచ్చులను పరిశీలించుచు ఒక ఘోరమును చూచెను. క్రొత్తగా గుంపును వశపరచుకొన్న మగ కొండముచ్చు, పూర్వపు నాయకుని పిల్లలను చంపివేసినది. జోధ్‌పూర్ ప్రాంతమున మోహ్నోత్ అట్టిదానినే వ్రాసెను. గుజరాతు సరిహద్దునకు చేరువనున్న ఆబూ పర్వతముపై 1971 మొదలు కొన్నియేండ్లు పరిశీలించిన సారా హ్ర్‌డీ, ఇది మతిచెడిన చేష్ట కాదనియు, తన సంతతిని పెంచుకొనుటకు ఆ మగజంతువునకు ప్రకృతిలో నేర్పడిన మార్గమనియు వాదించెను. పండితులు దీర్ఘకాలము వాదులాడిరి. హనుమంతుని పేర బరగు జంతువు శిశుహంత యనిన భక్తుని మనస్సు కలగుట సహజమే.

కాని ఆ కలత ఎక్కడినుండి పుట్టుచున్నదో విచారింపవలెను. జంతువు ధర్మాత్మురాలైననే మన దయకు తగునని మనము లోలోపల నియమము పెట్టుకొన్నాము. అది దయ కాదు, బేరము. రామాయణమునందలి మహనీయుడు తన బ్రహ్మచర్యముచేత, సేవచేత, ప్రజ్ఞచేత పూజ్యుడు. ఆబూపై చెట్టునుండి చెట్టునకు దుముకు ప్రాణి ఆయన గుణములకు పూచీపడలేదు. దానికి మనమిచ్చిన పేరు మన భక్తికి గుర్తు. దాని బ్రదుకు దానిది. దానిని ఉన్నదున్నట్లు చూచి, అటుపిమ్మటను ప్రేమింపగలిగినవాని ప్రేమకే బలము.

ఆహారదానము సంగతి యింతకంటె చిక్కైనది. కొండదారిలో బండి యాపి కోతులకు బిస్కత్తులు విసరువాడు పుణ్యము గట్టుకొన్నాననుకొని సాగిపోవును. ఆ దారి మరగిన గుంపు చక్రములక్రింద పడి చచ్చును. మనుష్యులయెడ జంకు విడిచిన కోతి ఇండ్లలోనికి, అక్కడినుండి తోటలలోనికి దిగును. తృప్తి దాతది, నష్టము ఎన్నడును దాత ముఖము చూడని రైతుది. ఫలమును ఇతరుని నెత్తిన వేసి చేయు దానమును పెద్దలు ఏమందురో చెప్పనక్కరలేదు. రైతు వడిసెల పట్టుకొన్నాడని అతనిని క్రూరుడనుటకు దాతకు అధికారము లేదు.

జాలితో చేయు మరియొక పనియు నిట్టిదే. ఊరిలో పట్టిన కోతులను చంపక మరియొకచోట విడిచివత్తురు. తెలుగువారు రెండు జాతులను ఒకే ‘కోతి’ శబ్దముతో పిలుతురు. దక్షిణదేశమునకు సొంతమైన బోనెట్ కోతికి తోక దేహముకంటె పొడవు, నెత్తిన వెండ్రుకలు టోపీవలె సుడి తిరిగియుండును. ఉత్తరపు రీసస్ కోతికి తోక పొట్టి, పిరుదులవైపు రోమములు ఎఱ్ఱన. ఒకప్పుడు రీససునకు ఎల్లయైన గోదావరిని దాటి అది దక్షిణమునకు వ్యాపించుచున్నది. మనుష్యులు తెచ్చి విడుచుటయు అందులకొక కారణము. అది చేరినచోట బోనెట్ కోతి వెనుకంజ వేయుచున్నది. 2022 నాటి చట్టసవరణతో రీసస్ కోతి వన్యప్రాణి రక్షణపట్టికలనుండి తొలగింపబడినది. బోనెట్ కోతి అంతర్జాతీయ పట్టికలో ప్రమాదమునకు లోనైన జాతిగా చేరినది. తాత ప్రశ్నకు సమాధానమిందు కొంత కలదు. గుడిమెట్లపై కూర్చున్న కోతి యేదియో తెలియనివాడు దేనిని రక్షించుచున్నాడో, దేనిని తరుముచున్నాడో తానెరుగడు.

తెలంగాణమున నిర్మల్ జిల్లా చించోలి వద్ద 2020 డిసెంబరులో కోతుల సంరక్షణ కేంద్రము నొకటి తెరచిరి. పట్టి తెచ్చిన కోతులకు సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేసి విడిచిపెట్టుదురు. సృష్టిలో జోక్యమని కొందరికి తోచవచ్చును. కాని జోక్యము చాలకాలము క్రిందటనే జరిగినది: అడవిని కొట్టితిమి, దారిలో పండ్లు చల్లితిమి. ఇపుడు చేయునది పాత జోక్యపు అప్పు తీర్చుటయే. కత్తి పట్టినవాని కన్నులలో తడియుండిన చాలును.

ఇక ఏ గుడిమెట్లపైనను కనబడని ప్రైమేటు ఒకటి తెలుగునేలపై కలదు. అది దేవాంగపిల్లి. నేతవారి కులనామమును మోయుచున్న ఈ చిన్న ప్రాణికి పిల్లితో చుట్టరికము లేదు. అది కోతులకు దూరపు బంధువు. తోక లేదు, చేతులు పుల్లలవంటివి, కన్నులు ముఖమునంతను ఆక్రమించును. పగలెల్ల నిద్రించి రాత్రి కొమ్మలపై మెల్లమెల్లగా కదలుచు పురుగులను తినును. దానిని చూచిన అపశకునమని కొట్టినవారు కలరు, క్షుద్రప్రయోగములకై పట్టినవారు కలరు. దానికి పురాణము లేదు, నైవేద్యము లేదు. 2022 లో తమిళనాడు ప్రభుత్వము కరూరు, దిండుగల్లు జిల్లాలలోని కడవూరు అడవులయందు 11,806 హెక్టార్లను దానికై ప్రత్యేక అభయారణ్యముగా ప్రకటించినది. దేశమున అట్టిది అదియే మొదటిది. పరిశోధకులు దానిని వెదకుటకు చీకటిలో నుదుట ఎఱ్ఱని దీపము గట్టుకొని నడుతురు. తెల్లని వెలుగు ఆ కన్నులను బాధించును. ఆ యెఱ్ఱని కాంతిలో కొమ్మనడుమ రెండు నిప్పుకణములవలె కన్నులు మెరసిన, కదలక నిలిచి, కాలము గుర్తించి, చెట్టు పేరు వ్రాసికొని, మరల నడుతురు.