నిప్పు, మణి, లెక్టిన్

నిప్పు కాలుస్తుందన్నది అందరూ ఎరిగినదే అయినా, ఆ కాల్చే శక్తి నిప్పుకంటే వేరైన పదార్థమా కాదా అన్న విషయంపై మీమాంసకులకూ నైయాయికులకూ శతాబ్దాలపాటు వాదం నడిచింది. ఒకానొక మణి దగ్గర ఉన్నప్పుడు నిప్పు అరచేతిని కాల్చదు గనుక, నిప్పులోని కనబడని శక్తిని మణి కుంఠితం చేసిందనాలన్నది మీమాంసకుల వాదం. నైయాయికుల పక్షాన, తెలుగువాడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహానికి తానే రాసుకున్న దీపిక అనే వ్యాఖ్యలో దీన్ని ఖండించి, ప్రతిబంధకం, అంటే అడ్డు, లేకపోవడం కూడా కారణాలలో ఒకటేనని, వేరే శక్తిని కల్పించనక్కరలేదని తేల్చాడు. ఆ మణిని తెచ్చి పరీక్షించినవారెవరో తర్కగ్రంథాలు చెప్పవు.

పరీక్షకు నిలిచే ఉదాహరణ శిలీంధ్రాలలో ఉంది. కంటి జబ్బులలో శిలీంధ్రాల వల్ల నల్లగుడ్డుపై పడే పుండు ఒకటి. పొలంపనిలో ఆకో గడ్డిపరకో కంటికి గీసుకోవడం దీనికి ముఖ్యకారణం. ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయ పరిశోధకులు అలాంటి రోగి కంటి నుంచి సేకరించిన సెఫలోస్పోరియం అనే బూజులో ఫ్యూకోజ్ అనే చక్కెరను పట్టుకునే లెక్టిన్‌ను శుద్ధిచేశారు. లెక్టిన్లంటే నిర్దిష్టమైన చక్కెరలను మాత్రమే ఎంచి పట్టుకునే ప్రోటీన్లు. సాధారణంగా, తగిన చక్కెరను అంటించిన పూసలతో నింపిన గొట్టం గుండా బూజు రసాన్ని పంపితే, లెక్టిన్ పూసలకు అతుక్కొని ఆగిపోతుంది, తక్కిన ప్రోటీన్లు దిగిపోతాయి. ఎర్రరక్తకణాల మీద ఉండే చక్కెరలను పట్టుకొని అది కణాలను గుంపు కట్టిస్తుంది; అదే చక్కెరను విడిగా ముందే కలిపితే గుంపు కట్టదు, ఆ చక్కెరను తొలగిస్తే మళ్ళీ కట్టిస్తుంది.

ఇక్కడ చక్కెరే మణి. అది లెక్టిన్‌లో దేనినీ చంపలేదు, పట్టుకునే చోటును ఆక్రమించిందంతే. స్ఫటికాలపై ఎక్స్‌రే పరిశోధనలు లెక్టిన్లలోని ఆ చోటును అణువణువుగా చూపాయి. కుంఠితమై, తిరిగి లేచే అదృశ్యశక్తి కోసం వెతకవలసిన పని లేదు గనుక, ఈ వ్యాజ్యంలో తీర్పు అన్నంభట్టు పక్షానికే వెళ్తుంది. శిలీంధ్రాన్ని స్వభావతః దుష్టమనడం కూడా తొందరపాటే, ఎందుకంటే ఫ్యూకోజ్‌ను పట్టే లెక్టిన్లే క్యాన్సర్‌లో మారిన చక్కెరలను గుర్తించే పరిశోధనకు పనికొస్తున్నాయి. తర్కం గెలిచినంత మాత్రాన కన్ను బాగుపడదు. లెక్టిన్ పట్టుకునే చోటును చక్కెరతో నింపి బూజును అడ్డుకునే మందు ఇంకా చికిత్సలోకి రాలేదు, వైద్యులు నేటికీ ప్రధానంగా నాటమైసిన్ చుక్కలనే వాడుతున్నారు.