విప్పింది బిగించాకే ఇంకొకటి విప్పు

అల్లుడూ,

హిందూపురంలో పాత ప్రీమియర్ పద్మిని కొన్నావని, దాన్ని నీ చేత్తోనే బాగుచేసుకుంటానంటున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం వేసింది. ఎర్రమంచి కియా ఫ్యాక్టరీలో వారమంతా కొత్త కార్ల మధ్య గడిపే పిల్లవాడు, సెలవు రోజున పాత కారు కింద దూరడానికి ముచ్చటపడుతున్నాడంటే వాడికి చేతిపని మీద నిజమైన ప్రేమ ఉన్నట్టే. ఆ ప్రేమ మధ్యలో విరిగిపోకూడదనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ముందే చెప్పేస్తాను. బండిని ఒకేసారి మొత్తం విప్పొద్దు. మన వైపు ఏ షెడ్డు వెనక్కి వెళ్లి చూసినా కంపచెట్ల నీడలో సగం విప్పి వదిలేసిన బండి ఒకటి కనిపిస్తుంది. కొన్న కొత్తలో ఉత్సాహంగా ఇంజను దించుతారు, సీట్లు పీకుతారు, తలుపులు ఊడదీస్తారు. నెల తిరిగేసరికి ఏ బోల్టు ఎక్కడిదో గుర్తుండదు. చేతిలో డబ్బూ అయిపోతుంది. చివరికి బండి తూకానికి పోతుంది. ధర్మవరంలో మగ్గం మీది పడుగు అయిపోతే దాని కొసలకు కొత్త పడుగును ఎలా అతుకుతారో చిన్నప్పటి నుంచీ చూస్తున్నావు కదా. వేల పోగులున్నా పట్టుకునేది ఒక్కొక్కదాన్నే. నీ పనీ అలాగే సాగాలి. బ్రేకులు పట్టుకుంటే బ్రేకులే. అవి పూర్తయి, బండి కదిల్చి చూశాకే ఇంకోదాని మీద చెయ్యి వెయ్యి.

ఫ్యాక్టరీలో నీ ముందుకు వచ్చే భాగం కొత్తది, శుభ్రమైనది, పెట్టగానే కూర్చుంటుంది. పద్మినిలో అలా ఉండదు. ఇన్నేళ్లలో ఎవరెవరో చేతులు పెట్టి ఉంటారు. ఒక నట్టు అరిగిపోయి ఉంటుంది, ఇంకోచోట వేరే బండి బోల్టు దిగ్గొట్టి ఉంటుంది. కోపం తెచ్చుకోకు. ఫ్యాక్టరీ నేర్పిన క్రమశిక్షణ మాత్రం తప్పకుండా వెంట తెచ్చుకో. ఏ పనిముట్టు తీసినా మళ్లీ దాని చోటనే పెట్టు. విప్పేముందు ఫోన్‌తో ఫొటో తియ్యి. విప్పిన బోల్టులను కవర్లో వేసి పేరు రాయి. పెట్టిన ఖర్చంతా పుస్తకంలో ఎక్కించు.

నీ చేతికొచ్చిన బండి నేర్చుకునేవాడికి చక్కటి బండి. 1964 నుంచి ముంబై కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్లు ఫియట్ 1100 డిలైట్‌గా చేసినదే 1974లో పద్మిని అయింది. 1089 సీసీ ఇంజను, స్టీరింగ్ పక్కన గేరు కడ్డీ, ఒక కార్బొరేటర్. కంప్యూటర్ లేదు, సెన్సర్లు లేవు. ఏది ఎందుకు పనిచేస్తుందో కంటితో చూడొచ్చు, చేత్తో తాకొచ్చు. ముంబై రోడ్ల మీద ఆఖరి పద్మిని ట్యాక్సీలు 2023 అక్టోబరుతో ఆగిపోయాయి. ఇక ఈ బండ్లు నీలాంటి వాళ్ల చేతుల్లోనే బతకాలి.

స్పానర్ పట్టేముందు కాగితాలు చూడు. మనది కర్ణాటక సరిహద్దు ఊరు. బండి మీద కేఏ నంబరు ఉంటే అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ రావాలి, ఇక్కడ పన్ను కట్టాలి. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ఆర్సీతో అక్షరం అక్షరం సరిపోవాలి. 15 ఏళ్లు దాటిన కారుకు ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉంటుంది. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనలు, ఆ ‘వీఏ’ నంబరు 50 ఏళ్లు దాటిన బండ్లకే. నీది 1984 మోడల్ కాబట్టి దానికి ఇంకా సమయముంది. కాగితాలు తేలని బండి మీద రూపాయి కూడా పెట్టొద్దు.

ఇక వరస చెబుతాను. ముందు బండి ఆగాలి, తర్వాత నడవాలి, ఆ తర్వాతే మెరవాలి. చాలామంది రంగుతో మొదలుపెడతారు. నువ్వు బ్రేకులతో మొదలుపెట్టు. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. ఒకవైపు డ్రమ్ము విప్పినప్పుడు రెండోవైపు ముట్టుకోకు. స్ప్రింగు ఏ రంధ్రంలో తగిలించాలో మరిచిపోతే అటువైపు వెళ్లి చూసుకోవచ్చు. లోపలి దుమ్మును గాలి కొట్టి ఊదొద్దు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, ఊపిరితిత్తులకు చేటు. తడిగుడ్డతో తుడువు. వీల్ సిలిండర్ రబ్బర్లు కొత్తవి వేసి, మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికంటే దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి గాలి తియ్యి. బ్రేకు ఆయిలు రంగు మీద పడితే రంగును తినేస్తుంది, వెంటనే కడిగెయ్యి.

తర్వాత ఇంజను. ఏళ్ల తరబడి నిలబడిన ఇంజనుకు నేరుగా సెల్ఫ్ కొట్టొద్దు. ప్లగ్గు వైర్లకు నంబర్లు వేశాకే పీకు. ఈ ఇంజను మండే వరస 1-3-4-2, అది తప్పితే రోజంతా తన్నుకున్నా స్టార్ట్ కాదు. నాలుగు ప్లగ్గులూ తీసి, ఒక్కో సిలిండర్లో చెంచాడు ఆయిలు పోసి రాత్రంతా వదిలెయ్యి. మర్నాడు టాప్ గేరులో వేసి బండిని మెల్లగా నెడుతూ ఇంజనును చేత్తోనే తిప్పు. ట్యాంకులో పాత పెట్రోలు ఉంటే మొత్తం పారబోసి కార్బొరేటర్ కడుగు.

ఆ తర్వాత డిస్ట్రిబ్యూటర్ మూత తియ్యి. లోపల రెండు చిన్న పాయింట్లు ఒకదాన్నొకటి తాకుతూ ఉంటాయి. వాటి ముఖాలు మాడి గుంటలు పడ్డాయేమో చూడు. బండిని అంగుళం అంగుళం కదుపుతుంటే కామ్ మూల తగిలి అవి విడివడతాయి. పూర్తిగా విడివడిన చోట ఆపి, మధ్యలోకి ఫీలర్ గేజ్ రేకు పోనివ్వు. అర మిల్లీమీటరుకు కాస్త లోపే ఉండాలి సందు. రేకు పట్టెయ్యకూడదు, జారిపోకూడదు. తీస్తుంటే పలచగా రాసుకుంటూ రావాలి. ఆ స్పర్శ నీ వేళ్లకు అలవాటైన రోజున నువ్వు సగం మెకానిక్కువి.

రేడియేటర్లో మన సీమ బోరు నీళ్లు పోయొద్దు. ఉప్పు పేరుకుని గొట్టాలు మూసుకుపోతాయి. మే నెలలో పెనుకొండ దగ్గర హైవే మీద ఇంజను కాగిందంటే హెడ్డు గ్యాస్కెట్ పోతుంది. కూలెంట్ వాడు.

వానలు తక్కువ కాబట్టి మన గడ్డ మీద తిరిగిన బండికి తుప్పు తక్కువే. అయినా కాళ్ల కింది తివాచీలు ఎత్తి రేకు చూడు. ఈ బండికి విడిగా ఛాసిస్ ఫ్రేము లేదు, ఒంటి రేకే దాని బలం. నేల రేకు తుప్పు పడితే పుట్టీ పూసి దాచొద్దు, కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించు. మెత్తటి గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని ఒంటి మీద తిప్పితే పుట్టీ ఎక్కడుందో తెలిసిపోతుంది.

ఒక్క విషయంలో నా మాట జవదాటొద్దు. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద దూరొద్దు. స్టాండ్లు పెట్టి, చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి, బ్యాటరీ నెగటివ్ వైరు తీశాకే వెళ్లు.

సామాన్లకు బెంగళూరు జేసీ రోడ్డు, చెన్నై పుదుపేట ఉన్నాయి. సామాన్ల కంటే విలువైనవాళ్లు మన ఊళ్లలో కార్బొరేటర్లు విప్పి పెరిగిన పెద్ద మెకానిక్కులు. ఇప్పుడు వాళ్ల దగ్గరికి అలాంటి పని తెచ్చేవాళ్లు తక్కువ. వెళ్లి పక్కన నిలబడు. దీపం పట్టుకో, అడిగిన స్పానర్ అందించు. తెలియనిది అడగడానికి సిగ్గుపడకు. వాళ్ల కూలి బేరమాడకుండా ఇచ్చెయ్యి.

పని ఎన్నాళ్లు పట్టినా తొందరపడకు. ఈ ఆదివారం ముందు ఎడమ చక్రం డ్రమ్ము విప్పు. అది బిగించి, పెడల్ గట్టిగా ఉందని కాలికి తెలిశాక నాకు ఫోన్ చెయ్యి. తర్వాతి చక్రం సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మీ మామ