గాలి పోసిన కొండలు, రాయి దాచిన నీళ్లు

ఒమన్ తూర్పు భాగంలో, మస్కట్‌కు రెండున్నర గంటల దూరాన, గాలి చేసిన పనీ నీరు చేసిన పనీ పక్కపక్కనే కనిపిస్తాయి. వహీబా ఇసుకదిబ్బలు గాలివి. వాదీ బనీ ఖాలిద్ లోయలోని మడుగులు నీటివి. ఒకచోటి నుంచి ఇంకోచోటికి కారులో గంట కూడా పట్టదు. పొద్దున్నే బయల్దేరి, మధ్యాహ్నం మడుగులో ఈతకొట్టి, తడి తల పూర్తిగా ఆరకముందే ఎడారిలో నిలబడవచ్చు. ఇంత తక్కువ ప్రయాణంలో ఇంత లోకాన్ని చూపించే పగలు ఇంకొకటి ఉందంటే నేను నమ్మను.

అయితే టూరు బస్సులో మాత్రం వెళ్లొద్దు. నలుగురు కలిసి ఒక బండి మాట్లాడుకోవాలి. బస్సుకు దాని టైము దానికుంటుంది. సొంతంగా మాట్లాడుకున్న బండి, మనం ఆపమన్న చోట ఆగుతుంది. మా బండి నడిపిన కుర్రాడిది జగిత్యాల వైపు. దారి పొడుగునా కొండల పేర్లు, ఊళ్ల పేర్లు చెబుతూనే ఉన్నాడు.

మస్కట్ నుంచి బయల్దేరి బిద్‌బిద్ ఊరు దాటి దారి లోపలికి మళ్లాక హజర్ పర్వతాలు రెండు వైపులా దగ్గరికి జరుగుతాయి. గడ్డిపోచ మొలవని కొండలు. నలుపు, గోధుమ, అక్కడక్కడ పాచి రంగు. చూడగానే బోసిగా అనిపిస్తాయి కానీ వీటి కథ తెలిస్తే కారు ఆపి దిగి ఒక రాయి ముట్టుకోవాలనిపిస్తుంది. వీటిలో ఆ నల్లని భాగం ఒకప్పుడు సముద్రం అడుగు. కోట్ల ఏళ్ల కిందట భూపలకలు ఒకదాన్నొకటి తోసుకున్నప్పుడు, సముద్రపు నేల తన కింది రాయితో సహా పైకి లేచి గట్టుమీదికెక్కి కూర్చుంది. ఇలా బయటపడ్డ సముద్రగర్భాల్లో ప్రపంచంలోనే అతి పెద్దవాటిలో ఇదొకటి. భూగర్భ శాస్త్రం చదువుకున్నవాళ్లు జన్మలో ఒక్కసారైనా వచ్చి చూడాలనుకునే చోటు. మనం ఏసీ వేసుకుని, సమోసాలు తింటూ దాని మీదుగా వెళ్లిపోతాం. బుధవారమైతే దారిలో ఇబ్రా ఊళ్లో ఒక గంట ఆగవచ్చు. ఆ రోజు అక్కడ ఆడవాళ్ల సంత.

వాదీ బనీ ఖాలిద్ కోసం పెద్ద రోడ్డు వదిలి ఎడమకు తిరిగితే దారి కొండెక్కి దిగి, మళ్లీ ఎక్కి, చివరికి ఖర్జూర తోటల్లోకి దిగుతుంది. బండి అక్కడే ఆపాలి. ఇక నడక. ఒక పక్క ఖర్జూర చెట్ల నీడ, ఇంకో పక్క చిన్న కాలువ. కాలువ వెడల్పు జానకు కొంచెం ఎక్కువ. నీరు చప్పుడు లేకుండా, కానీ గబగబా పోతోంది. ఆ కాలువ గట్టు పట్టుకుని నడుస్తూ, ఒక మలుపు తిరగ్గానే మడుగు.

నేను అప్పటిదాకా ఫోటోల్లో చూసి, రంగు ఎక్కించి ఉంటారులే అనుకున్నాను. అసలు రంగు ఫోటోకు అందలేదు. తెల్లటి సున్నపురాయి గోడల మధ్య నీళ్లు పచ్చగా ఉన్నాయి. తల కొంచెం పక్కకు వంచితే నీలం. మబ్బు అడ్డొస్తే మళ్లీ పచ్చ. లోతు తక్కువ చోట అడుగున ఉన్న గులకరాళ్లు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తాయి. లోతు పెరిగేకొద్దీ రాళ్లు మాయమై రంగు చిక్కబడుతుంది. ఈ నీరు ఏడాది పొడుగునా ఉంటుంది. ఎండాకాలం నీడలో కూడా 45 డిగ్రీలు దాటే దేశంలో, వేళ్ల మీద లెక్కపెట్టే వానలు కురిసే దేశంలో, ఏనాడూ ఎండని మడుగు!

మన అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది, దాన్నే మనం కరువు సీమ అంటాం. ఒమన్‌లో చాలాచోట్ల ఏడాదికి 100 మిల్లీమీటర్లు పడితే గొప్ప. మరి ఈ నీళ్లు ఎక్కడివి? కొండలవే. సున్నపురాయి నిండా నెర్రెలు, సొరంగాలు. పడ్డ నాలుగు చినుకులూ ఎండకు ఆవిరి కాకముందే రాయి వాటిని లోపలికి తీసుకుంటుంది. లోపల రాయి నుంచి రాయికి నెమ్మదిగా దిగి, ఇక ముందుకు పోనివ్వని గట్టిరాయి తగిలిన చోట ఊటై బయటికి వస్తుంది. మడుగుకు పైన, బండరాళ్ల మీదుగా ఎక్కిపోతే ముఖల్ గుహ ఉంది. టార్చి పట్టుకుని నడుం వంచి దూరితే లోపల ఉక్కపోత, చీకటి, ఎక్కడో కింద నీరు పారుతున్న చప్పుడు. కొండ తన నీళ్లను దాచుకునే గదిలోకి మనం తొంగిచూస్తున్నామన్నమాట. నేను ఎక్కువసేపు ఉండలేకపోయాను. ఆ చప్పుడు మాత్రం బయటికొచ్చాక కూడా చెవిలోనే ఉంది.

ఈత సంగతికి వస్తే, పై మడుగులే మేలు. కింది పెద్ద మడుగు దగ్గర జనం, హోటలు, పిల్లల కేకలు. అరగంట రాళ్లెక్కి పైకి పోయే ఓపిక ఉంటే లోయ సన్నబడి, రెండు గోడల మధ్య చిన్న చిన్న మడుగులు ఒకదాని తర్వాత ఒకటి కనిపిస్తాయి. నీరు తొలిచి తొలిచి రాతిని ఎంత నునుపు చేసిందంటే, చెప్పుల్లేని కాలు నిలవదు. జాగ్రత్త. నీళ్లలో వెల్లకిలా తేలితే పైన సన్నని చీలికలో ఆకాశం. చెవులు నీళ్లలో ఉంటాయి కాబట్టి లోకం చప్పుడేదీ వినపడదు.

ఈత రానివాళ్లు ఏమీ కోల్పోరు. గట్టున కూర్చుని పాదాలు నీళ్లలో పెట్టి కదలకుండా ఉంటే చాలు. వేలెడంత చేపలు, రాతి రంగులోనే ఉంటాయి కాబట్టి ముందు కనపడవు. ఒకటి వచ్చి మడమను ముట్టి పారిపోతుంది. మనం కాలు తీయలేదని తెలిశాక ఇంకో రెండు వస్తాయి. నిమిషంలో పాదం చుట్టూ గుంపు. బొటనవేలి పక్కన, మడమ పగుళ్లలో, మొరటుబారిన చర్మాన్ని వెతికి మరీ గిల్లుతాయి. నొప్పి ఉండదు, చక్కిలిగింత ఆపుకోలేం. హైదరాబాద్ మాల్స్‌లో గాజు తొట్టిలో కాళ్లు పెట్టించి డబ్బులు గుంజే ముచ్చట ఇక్కడ ఊరికే దొరుకుతుంది.

నడిచి వచ్చిన ఆ చిన్న కాలువను తిరిగి వెళ్లేటప్పుడు ఇంకాసేపు చూడండి. దాన్ని ఫలజ్ అంటారు. ఊటనో భూగర్భ జలాన్నో పట్టి, వాలు లెక్కచూసి, ఏ యంత్రమూ లేకుండా ఊళ్లకూ తోటలకూ పారించే ఏర్పాటు. ఒమన్‌లో ఇలాంటివి వేలున్నాయి. వాటిలో అయిదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నీటిని గజాల్లోనో కుండల్లోనో కొలవరు, కాలంతో కొలుస్తారు. ఒక వంతు దాదాపు అరగంట. పగలు నీడను బట్టి, రాత్రి చుక్కలను బట్టి ఎవరి వంతు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో తేల్చేవారు. దీనికంతా ఊరికొక పెద్ద ఉంటాడు, మన చెరువుల కింద నీరటి ఉన్నట్టే. గాలి గొప్పదే, నీరు గొప్పదే. కానీ చుక్కను చూసి పొలానికి నీళ్లు మళ్లించిన మనిషికి నేను ముందు దండం పెడతాను.

ఎడారి అంచున ఉన్న బిదియా ఊరు చేరేసరికి ఎండ మెత్తబడింది. ఇక్కడితో తారు రోడ్డు సరి. టైర్లలో గాలి సగానికి పైగా తీసేస్తారు. టైరు చదునుగా పరుచుకుంటేనే ఇసుక మీద తేలుతుంది, లేకపోతే కూరుకుపోతుంది. ఇక్కడి నుంచి స్టీరింగ్ స్థానిక బదూ తెగ పెద్దాయన చేతికి వెళ్లింది. మా కుర్రాడు పక్క సీట్లో కూర్చున్నాడు. ఇసుకను చదవడం రోడ్డు మీద నేర్చుకునే విద్య కాదు.

ఊరు దాటగానే, మొదటి దిబ్బ మొదలయ్యే చోట, కుర్రాడు గట్టిగా అరిచాడు. "ఆపమనుండ్రి అన్నా! జమ్మి చెట్టు!"

నిజమే. వాళ్లు గాఫ్ అంటారు. తెలంగాణ రాష్ట్ర వృక్షమైన మన జమ్మి చెట్టే అది. వహీబా తూర్పు అంచున వీటి అడవే ఉంది. వేళ్లు పదుల మీటర్ల లోతుకు దిగి నీటిని పట్టుకుంటాయి. అరేబియా సముద్రం నుంచి వచ్చే పొగమంచు రాత్రిళ్లు ఆ సన్నని ఆకుల మీద చుక్కలుగా చేరి కింది ఇసుకను తడుపుతుంది. ఒంటెలకూ మేకలకూ ఆకులు, కాయలు మేత. మనుషులకు నీడ. ఇంత ఎడారిలో ఇంత పచ్చదనం ఎట్లా అని ఆశ్చర్యపోతుంటే, కుర్రాడు కింద రాలిన రెమ్మ ఏరి నా చేతిలో పెట్టాడు. "బంగారం, అన్నా. మస్కట్ వచ్చినంక దసరాకు ఇంటికి పోనేలే." దసరా వెళ్లి అప్పటికి రెండు నెలలైంది. అయినా అలాయ్ బలాయ్ తీసుకున్నాం. బదూ పెద్దాయనకు ఏమీ అర్థం కాలేదు కానీ నవ్వి, ఆయన కూడా మమ్మల్ని దగ్గరికి తీసుకున్నాడు.

తర్వాత ఇసుక. సుమారు 12,500 చదరపు కిలోమీటర్లు, అంటే ఉమ్మడి నెల్లూరు జిల్లాకు కాస్త తక్కువ. ఉత్తరాన గట్లు వంద మీటర్ల ఎత్తుకు లేస్తాయి. చాళ్లు తీర్చినట్టు ఉత్తర దక్షిణాలుగా సాగుతాయి. అలా తీర్చింది నైరుతి గాలి. జూన్‌లో కేరళను తాకి మన పొలాల మీదికి వచ్చే గాలే, దారిలో ఈ తీరాన్ని ఒరుసుకుంటూ పోతుంది. మంచుయుగాల్లో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడ్డ ఇసుకను లోపలికి తోసిందీ అదే. అక్కడ ఇసుక పోసింది, ఇక్కడ వాన పోస్తోంది. ఖరీఫ్ అని మనం పంటకు చెప్పుకునే మాటే వాళ్లకు ఆ గాలికాలం పేరు.

ఇసుక మీద బండిని అడ్డదిడ్డంగా తిప్పి కేకలు పెట్టే సరదా ఒకటుంది. నాకది ఎక్కలేదు. దిబ్బను పాదాలతో ఎక్కాలి. ఒక అడుగు వేస్తే అరడుగు వెనక్కి జారతాం. శిఖరం మీద అంచు ఎంత పదునుగా ఉంటుందంటే, అక్కడ కాలు పెట్టడానికి మనసొప్పదు. పెడితే, అవతలి వాలున ఇసుక చేట వంచితే జారే బియ్యంలా పరుచుకుంటూ కిందికి పోతుంది. పిడికెడు తీసి చూస్తే గింజ గింజకూ ఇనుము తుప్పు పట్టిన ఎర్రపూత. పైన వెచ్చన, చెయ్యి జానెడు లోపలికి పెడితే చల్లన. పక్కనే ఒక పేడపురుగు నడిచివెళ్లిన జాడ, రెండు వైపులా చుక్కలు కుట్టుకుంటూ దిబ్బ పైదాకా పోయింది. ఇక్కడేమీ ఉండదనుకునేవాళ్లకు ఒక సంగతి. 1985-87 మధ్య లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ తరఫున శాస్త్రజ్ఞులు వచ్చి ఈ ఇసుకను గాలించారు. 150 రకాల మొక్కలు, 200 రకాల జంతువులు, పక్షులు లెక్కకొచ్చాయి.

పొద్దు గుంకడం గురించి ఎక్కువ రాయను. అందరూ రాసేదే. దిబ్బలు నారింజ నుంచి ఎరుపుకు, ఎరుపు నుంచి ఊదాకు మారతాయి. చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు, చూడనివాళ్లకు చెప్పినా తెలియదు. దిగివచ్చాక పెద్దాయన గుడారంలో ఖర్జూరాలు, ఏలకులు వేసిన కహ్వా, అంటే కాఫీ. కప్పు చిన్నది, రెండు గుక్కలు. ఖాళీ అయితే మళ్లీ పోస్తూనే ఉంటారు. చాలనుకుంటే కప్పును అటూ ఇటూ ఊపాలి. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి, లేకపోతే ఆ రాత్రికి నిద్ర ఉండదు.

వెళ్లాలనుకునేవాళ్లకు నాలుగు మాటలు. అక్టోబరు నుంచి మార్చి దాకా బాగుంటుంది. శుక్ర, శనివారాలు అక్కడ సెలవు, మడుగు దగ్గర రద్దీ. నీళ్లలో దిగేటప్పుడు ఆడా మగా ఒంటినిండా బట్టలు వేసుకోవడం అక్కడి మర్యాద. వాన కబురుంటే ఆ రోజుకు వాదీ మానుకోండి. కొండల్లో ఎక్కడో కురిసిన వాన, ఎండ కాస్తున్న లోయలోకి వరదై దూసుకొస్తుంది. ఇక, మీ బండిలో ఒక సీటు ఖాళీగా ఉంటే, ఏళ్ల తరబడి మస్కట్‌లో ఉండి కూడా కంపెనీ గదీ పని చోటూ తప్ప ఏమీ చూడని మనవాళ్లలో ఒకరిని వెంట తీసుకెళ్లండి.