తప్పు నొప్పుకొనుట - మొండి యధికారి

ఉద్యోగమునందు తప్పు దొరలుట సహజము. దాని నొప్పుకొనుట మాత్రము అంత సహజము కాదు. లెక్కలో అంకె తారుమారు చేసిన గుమాస్తా మొదట ఆ కాగితమును కట్ట యడుగున దాచును. పిదప దానిని కప్పిపుచ్చుటకై మరియొక కాగితమును దిద్దును. మొదటిది పొరపాటు, రెండవది అపరాధము. ఈ రెంటి నడుమ దూరము ఒక్క పూట మాత్రమే. కాయకమును పూజగా నెంచువారికి ఈ భేదము మరింత స్పష్టము కావలెను. పూజలో దొరలిన లోపమును పత్రితో కప్పువాడు ఎవనిని మోసగించుచున్నాడు?

జారిపడిన బియ్యపు గింజల నేరి తెచ్చి జంగమార్చన సలుపుట ఆయ్దక్కి మారయ్య కాయకము. ఒకనాడతడు అవసరమునకు మించి తెచ్చెను. భార్య లక్కమ్మ ఆ యధికమును తిరిగి అక్కడనే పోసి రమ్మనెను. ఇందు గమనింపదగినది గింజల లెక్క కాదు. తప్పు చూపినది ఇల్లాలు, దిద్దుకొన్నది భర్త. ఎవరి మాట ఎవరు వినవలెనని లోకము తలచెడిదో అందరెరిగినదే!

పైవాడు ఉదారుడైనచో ఒప్పుకోలు సులభము. 1979 ఆగస్టు 10వ తేదీన శ్రీహరికోట నుండి ఎగసిన ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు కక్ష్యను చేరక సముద్రమున కూలెను. రెండవ దశను అదుపు చేయు వ్యవస్థలో ఆమ్లము కారిపోవుటయే కారణమని తేలెను. ఆ కార్యమునకు సారథియైన అబ్దుల్ కలాం సమీక్షా సభలో లేచి బాధ్యత తనదని చెప్పెను. ఇస్రో అధ్యక్షుడు సతీష్ ధావన్ పత్రికలవారి యెదుట ఆ భారమును తన తలపై వేసికొనెను. 1980 జులై 18న రోహిణి ఉపగ్రహము కక్ష్యను చేరినప్పుడు మాత్రము విలేఖరులతో మాటలాడు పనిని కలాంకే అప్పగించెను.

అట్టి ధావనులు కార్యాలయమున కొక్కరు లేరు. మొండి యధికారిలో తరచుగ నుండునది బలము కాదు, భయము. ఒక్కమారు తన మాట తప్పనినచో పీఠము కదలునని అతని శంక. పదిమందిలో తప్పు పట్టినచో అతడింకను బిగియును. ఏకాంతమున, అంకెలతో, కాగితముపై తెలిపినచో వెనుకకు తగ్గుటకు అతనికి దారి మిగులును. తన వంతు లోపమును ముందుగ చెప్పుకొన్నవాని మాటకు బరువును హెచ్చు. అయినను ఈ యుపాయములన్నియు వ్యర్థమగు దినములు గలవు.

1986 జనవరి 27వ తేదీ రాత్రి అమెరికాలో అట్టి ఘట్టము నడచెను. మరునాటి చలికి బిగిసిపోవు రబ్బరు వలయములు రాకెట్టు కీళ్లను మూయజాలవనియు, చాలెంజర్ నౌకను ఎగురవేయరాదనియు, రాకెట్లను చేసిన మోర్టన్ థయోకాల్ సంస్థ ఇంజనీర్లు వాదించిరి. నాసా అధికారులు అసహనము చూపిరి. సంస్థ యజమాన్యము కొంతసేపు విడిగ కూర్చుండి మాట మార్చెను. అచ్చట నున్న అలన్ మెక్‌డొనాల్డ్ అనుమతి పత్రముపై సంతకము చేయ నిరాకరించెను. అతని పైయధికారి చేసెను. మరునాడు 73 సెకనులకే నౌక బద్దలై ఏడుగురు మరణించిరి. విచారణ సంఘము నెదుట నిజము చెప్పిన మెక్‌డొనాల్డును సంస్థ పదవి నుండి తగ్గించెను. అమెరికా శాసనసభ కలుగజేసికొన్న పిదప, ఆ కీళ్లను తిరిగి రూపొందించు పని అతనికే వచ్చెను.

ధర్మ విచారమునకు ఇంతకంటె జటిలమైనది మరియొకటి గలదు. అధికారికి చెప్పవలసినది చెప్పి, అతడు వినకపోగా జరిగిన కీడులో చెప్పినవానికి పాలు గలదా? ఆ ఇంజనీర్లలో ఒకడైన బాబ్ ఎబెలింగ్ గలదనియే తలచెను. తాను ఇంకను గట్టిగ చెప్పియుండవలసినదని ముప్పది యేండ్లు కుమిలెను. తప్పు చేయనివాడు దానిని మోసెను. చేసినవారిలో పలువురు సాధారణ నిర్ణయమని సరిపెట్టుకొనిరి. న్యాయస్థానపు లెక్కలో ఎబెలింగ్ నిర్దోషి. కాని ఏడు ప్రాణముల యెదుట ఆ లెక్క చాలదని తలచుట దౌర్బల్యము కాదు. అయితే ఆ దుఃఖము పైవాని బాధ్యతను కడిగివేయరాదు. క్రిందివాని పశ్చాత్తాపము చాటున పైవాడు దాగుట లోకమున తరచు జరుగునదే.

2016 జనవరిలో రేడియోలో అతని మాటలు విని వందలాది శ్రోతలు ఓదార్పు లేఖలు వ్రాసిరి. ఆ రాత్రి ఇంజనీర్ల మాటను ఎదిరించిన నాసా అధికారులలో ఒకరును వ్రాసిరి. ఆ లేఖలతో తన మనసు తేలికపడినదని ఎబెలింగ్ చెప్పెను. ఆ మార్చి నెలలోనే కన్నుమూసెను.