స్పర్శ లేని పాదం – స్పందించని హృదయం



విశ్వసించేవారికి భూమిలోనూ, స్వయంగా వారి ఉనికిలోనూ నిదర్శనాలున్నాయని అల్లాహ్ జారియాత్ సూరాలో తెలియజేశాడు. ఆ నిదర్శనాల్లో ఒకటైన నాడీకణం గురించి ఆలోచిద్దాం.

కాలికి ముల్లు గుచ్చుకుంటుంది. ఆ బాధను మోసే నాడీకణం దేహం వెన్నుపాము పక్కన ఉంటుంది. కంటికి కనిపించనంత చిన్నది. కాని దాని నుండి బయలుదేరిన పోగు కాలివేలి దాకా, అంటే దాదాపు 1 మీటరు పొడవు సాగుతుంది! పోగు కొనలు బాధను పసిగట్టగానే ఆ కబురు విద్యుత్ సంకేతంగా పైకి పరుగెడుతుంది. మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉన్న పోగుల్లో ఈ పరుగు మరింత వేగం. అవతలి కొన వద్ద, తరువాతి కణానికి ముందు ఒక సన్నని సందు ఉంటుంది. అక్కడ వెలువడే రసాయనాలు కబురును దాటిస్తాయి. చెట్టుకొమ్మల్లాంటి డెండ్రైట్లతో ఆ కణం దాన్ని అందుకుంటుంది. బాధ మెదడుకు తెలిసేలోపే వెన్నుపాము కాలిని వెనక్కి లాగేస్తుంది. సుబ్‌హానల్లాహ్!

నొప్పిని మనం కష్టమనే అనుకుంటాం. అది ఎంతటి అనుగ్రహమో మధుమేహ రోగులను చూస్తే తెలుస్తుంది. ఏళ్ళ తరబడి చక్కెర అదుపులో లేకపోతే, సాధారణంగా పాదాలకు వెళ్ళే పొడవైన పోగులే ముందుగా దెబ్బతింటాయి. చెప్పులో రాయి ఉన్నా తెలియదు. నొప్పి లేదు కదా అని ఊరుకుంటే పుండు ముదిరి, చివరికి కాలే తీసేయవలసి రావచ్చు. కనుక మధుమేహమున్నవారు వుజూలో పాదాలు కడిగేటప్పుడు వేళ్ళ సందులను, అరికాళ్ళను కూడా పరికించి చూసుకోవాలి. శరీరం కూడా అల్లాహ్ మనకు అప్పగించిన అమానతే.

మరి హృదయం సంగతేమిటి? దాసుడు పాపం చేస్తే హృదయంపై ఒక నల్లమచ్చ పడుతుందని, పశ్చాత్తాపపడితే అది తొలగిపోతుందని, పాపాలు పెరిగితే ఆ మచ్చ హృదయమంతా కమ్మేస్తుందని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. మొదటిసారి అబద్ధమాడినప్పుడు మనసు కలుక్కుమంటుంది. పదోసారి ఆ బాధ ఉండదు. ఫజ్ర్ నమాజు తప్పినా, పొరుగువారి హక్కు కాజేసినా ఏమీ అనిపించడం లేదంటే మనం క్షేమంగా ఉన్నామని కాదు. లోపల పుండు ముదురుతోందని అర్థం.

దెబ్బతిన్న నాడిని బాగుచేయడం వైద్యులకు కూడా కష్టమే. తౌబా ద్వారం మాత్రం ఊపిరి ఉన్నంతవరకు తెరిచే ఉంది. పాపం చేసినప్పుడు బాధపడే హృదయాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.