గూటిపెట్టె: దానమా, బాకీయా?

ఇంగ్లండు, వేల్స్ ప్రాంతాల్లోని ఓక్ అడవుల్లో కొన్నిచోట్ల చెట్ల మానులకు చిన్న చెక్కపెట్టెలు కట్టి ఉంటాయి. ముందువైపు సుమారు 3 సెంటీమీటర్ల గుండ్రటి కన్నం ఉంటుంది. పైడ్ ఫ్లైక్యాచర్ అనే పాటపిట్ట కోసం కట్టినవి అవి. ఆ పిట్ట బరువు 12 గ్రాములకు అటూ ఇటూ. చలికాలం పశ్చిమ ఆఫ్రికాలో గడిపి, సహారా ఎడారి దాటి, ఏప్రిల్‌లో ఆ అడవులకు చేరుతుంది. రాగానే దానికి తొర్ర కావాలి. తనంతట తాను తొలుచుకోలేదు. వడ్రంగిపిట్ట వదిలేసిన తొర్రో, కొమ్మ విరిగి పుచ్చిన చోటో వెతుక్కోవాలి.

మనిషి పెట్టె కట్టాడు, పిట్ట వచ్చి పిల్లల్ని పెంచుకుంది. మంచి పనే. అయితే ఈ పనిని ఏమనాలి? దానమా, బాకీ తీర్చడమా?

అసలు తొర్రలు ఎందుకు కరువయ్యాయి? తొర్ర పడాలంటే చెట్టు ముసలిది కావాలి. కలప లెక్కతో అడవిని చూసేవాళ్లకు పుచ్చిన చెట్టు పనికిరానిది. పిట్టకు అదే ఇల్లు. ఇల్లు తీసేసి, పెట్టె ఇచ్చి, దానికి దయ అని పేరు పెట్టుకుంటే ఆ మాట మన మనసును జోకొట్టడానికే పనికొస్తుంది.

ఎందుకు ఇచ్చినా ఇల్లు ఇల్లే కదా అని ఎవరైనా అడగొచ్చు. నిజమే. ఇంగ్లండులోని డీన్ అడవిలో 1942లో పెట్టెలు కట్టింది ఓక్ ఆకులు తినే పురుగుల్ని పిట్టలు తింటాయనే. మనిషి తన లాభం చూసుకున్నాడు, పిట్టకూ మేలు జరిగింది. అలాగని పేరుతో పనిలేదనలేం. దానం చేసినవాడు రేపు మానేయొచ్చు. బాకీపడ్డవాడు మానకూడదు.

అమెరికాలో చోక్టా, చికసా ఆదివాసులు పర్పుల్ మార్టిన్ అనే వలస పిట్టల కోసం ఎండిన సొరకాయ బుర్రలు వేలాడదీసేవారు. ఆ దేశం తూర్పు భాగంలో ఈనాడు ఆ పిట్టలు దాదాపు పూర్తిగా మనుషులు పెట్టిన గూళ్లలోనే పిల్లల్ని పెంచుతున్నాయి. ఈ తరం చాలించుకుంటే వాటికి నిలువనీడ ఉండదు. తాతలు కట్టిన బుర్ర మనవల మీద బాధ్యత పెట్టింది.

బాకీ ఎంతో కూడా చూడాలి. పైడ్ ఫ్లైక్యాచర్ల మీద నెదర్లాండ్స్‌లో జరిగిన పరిశోధన ఒకటి 2006లో వెలువడింది. వసంతం ముందే వేడెక్కడంతో ఆకుపురుగులు ముందే వచ్చి పోతున్నాయి. ఆఫ్రికా నుంచి వచ్చే పిట్ట ఆ వేగాన్ని అందుకోలేకపోతోంది. పురుగులు మరీ ముందుగా వచ్చే అడవుల్లో రెండు దశాబ్దాల్లో ఆ పిట్టలు 90 శాతం దాకా తగ్గాయి. అక్కడ పెట్టెలున్నాయి. పిల్లల నోటికి అందే వేళకు తిండి లేదు.

ఈ తేడా మనకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. ప్రాజెక్టుల కింద ఊళ్లు మునిగినప్పుడు మనవాళ్లకు కాలనీల్లో ఇళ్లిచ్చారు. గోడలున్నాయి, కప్పు ఉంది. ఇప్పచెట్టు లేదు, తునికాకు లేదు, వాగు లేదు. “ఇల్లిచ్చాం కదా” అన్న మాట మాత్రం ఉంది.

పెట్టెలు వద్దని నేను అనను. తొర్ర లేని అడవికి అలసి వచ్చిన పిట్టకు పెట్టె కావాల్సిందే. కట్టినవాళ్లు ఏటా పాత గూడు తీసి శుభ్రం చేయాలి, పగిలిన పలక మార్చాలి. దాంతోపాటు పక్కనున్న ముసలి మానును కొట్టకుండా వదలాలి. అది పుచ్చి తొర్ర పడటానికి పట్టే కాలం మనిషి ఆయుష్షు కన్నా ఎక్కువే కావచ్చు. అందాకా పెట్టె వడ్డీ లాంటిది. అసలు తీరేది పెట్టె అక్కర్లేని అడవి మళ్లీ నిలబడ్డ నాడే.