సారెపతులో భోజనము

మన మదనపల్లె ప్రాంతమునుండి కువైటునకు పనికి పోయినవారిలో కొందరు అక్కడి లెబానోను హోటళ్లలో రొట్టెను శనగముద్దలో అద్దుకొని తినియుందురు. ఆ లెబానోను తీరముననే, తూరు సీదోనుల నడుమ, ఏలీయా భోజనము చేసిన సారెపతు కలదు. నేడు దానిని సరఫంద్ అందురు.

అది డబ్బిచ్చి తిన్న భోజనము కాదు. కరవు దినములు. అన్యురాలగు విధవరాలి తొట్టిలో పట్టెడు పిండి, బుడ్డిలో కొంచెము నూనె. మన యిండ్లలో సంగటికి మిగిలిన కడపటి రాగిపిండి వంటిదే. కుమారునికంటె ముందు పరునికి పెట్టవలసివచ్చెను. ఏ తల్లికైనను అది ఎంత కష్టము! ప్రవక్తయు ఆమె చేతి అప్పమును సంకోచింపక తినెను.

నజరేతులో ప్రభువు ఈమె పేరెత్తగానే ఊరివారు ఆయనను కొండకొమ్మునకు ఈడ్చుకొనిపోయిరి. మన సంఘములలోను, బల్లయొద్ద ఒకే రొట్టెలో పాలుపొంది, ఇంటికి పిలిచినయెడల తినుటకు వెనుదీయువారున్నారు. చెప్పుటకే నాకు సిగ్గు. శాంతిపురము దారిని పోవువాడు మీ గుమ్మమున నీళ్లడిగినయెడల, ఏ గ్లాసు తీసెదరు?